స్నేహితురాలి కూలి ఎంత?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయవాడలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. మంగళగిరి కాటన్‌తో నాకోసం కుట్టించుకున్న కుర్తాలు చూసి స్టాఫ్‌రూమ్‌లో అందరూ అడగడంతో మొదలైంది. వేసవి సెలవుల్లో 50 కుర్తాలు చేయించాం. పక్కింటి అక్క కుట్టింది, కుర్తాకు 250 ఇచ్చాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు రెండు ఆదివారాలు కెమెరాతో వచ్చి ఫొటోలు తీసింది. ఇంకో స్నేహితురాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి, మెసేజ్‌లన్నిటికీ తనే జవాబులిచ్చింది. మరొకామె ఫోన్‌పేలో 60,000 రూపాయలు పంపి, ‘ఎప్పుడిచ్చినా సరే’ అంది. మూడు వారాల్లో 43 అమ్ముడయ్యాయి. ఒక్కోటి 1,299, కొరియర్ ఖర్చు మాదే. ఖర్చు 1,060 పోను కుర్తాకు 239 మిగిలింది. ఉద్యోగం మానేసి దీన్నే లేబుల్‌గా నడుపుదామని ఉంది. స్నేహితులకు డబ్బిస్తానంటే ‘ఛీ, మన మధ్య డబ్బులేంటి’ అంటున్నారు. కానీ మొన్న కెమెరా ఆమె ‘మా నలుగురి బ్రాండ్’ అని పోస్టు పెట్టింది. చూసి సంతోషమేసింది, ఎక్కడో కలుక్కుమంది కూడా. స్నేహాన్నీ వ్యాపారాన్నీ ఒకచోట పెట్టొద్దంటుంది మా అమ్మ. వాళ్లని భాగస్వాములుగా తీసుకోనా? జీఎస్టీ కావాలా? ధర పెంచితే ఎవరైనా కొంటారా? ఖర్చుల చీటీ, ఫొటోలు, సైజుల పట్టిక కూడా పంపుతున్నాను.
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు లెక్కల టీచరు కాబట్టి మొహమాటం లేకుండా లెక్కతోనే మొదలుపెడతాను. ఆ 239 తప్పు. మీకేమీ మిగల్లేదు, పైగా చేతి నుంచి పడింది.

మీ చీటీ చూశాను. బట్ట రెండున్నర మీటర్లు, మీటరు 260 చొప్పున 650. కుట్టుకూలి 250. గుండీలు, దారం, మెడకు వేసే బక్రం కలిపి 50. ట్యాగు, కవరు 40. కొరియర్ 70. రాసినవన్నీ నిజమే. చిక్కంతా రాయనివాటితోనే.

ముందు మీ బీరువాలో మిగిలిపోయిన ఏడు కుర్తాలు. అవి సరుకే కదా, ఎప్పటికో అమ్ముడవుతాయి అనుకుంటున్నారు. కావచ్చు. కానీ ఒక్కోదాని మీద 950 పెట్టేశారు. మొత్తం 6,650. అమ్ముడైన 43 కుర్తాల మీద పంచితే ఒక్కోదానికి 155 పడుతుంది. మంగళగిరికి తిరిగిన బస్సు, ఆటో ఖర్చు 600 అనుకుందాం, కుర్తాకు 14. ఇస్త్రీకి 40 వేస్తున్నాను, చీటీలో ఆ పద్దే లేదు. మీ ఇంట్లో ఇస్త్రీ ఎవరు చేశారో నేను అడగను. కెమెరా ఆమె రెండు రోజులు వచ్చింది. రోజుకు 2,500 వేసుకున్నా 5,000, కుర్తాకు 116. మెసేజ్‌లకు జవాబులిచ్చినామె రోజుకో గంట కూర్చుందనుకున్నా మూడు వారాలకు 21 గంటలు. గంటకు వంద వేస్తే కుర్తాకు 49. ఇక మీరు. బట్ట ఎంచడం, గుండీలు వెతకడం, మడత పెట్టడం, కొరియర్ ఆఫీసు ముందు నిలబడటం కలిపి ఒక్కో కుర్తాకు రెండు గంటలు పట్టి ఉంటుంది. మీకూ గంటకు వందే వేస్తున్నాను, కోప్పడకండి.

కూడితే 1,634.

మీరు అమ్మింది 1,299కి. అంటే కుర్తాతో పాటు 335 రూపాయలు కవర్లో పెట్టి మరీ పంపించారు. ఆ డబ్బు కొంత మీది, కొంత కెమెరా ఆమెది, కొంత రాత్రిపూట ఫోన్ పట్టుకుని ‘ఎల్ సైజు ఉందండీ, ఎం అయిపోయిందండీ’ అని టైపు చేసినామెది. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు పాపం, ‘రేటు బాగుంది’ అని మెసేజ్ పెట్టారు. బాగుండక ఏం చేస్తుంది?

మీ మూడు ప్రశ్నలకూ నేను చెప్పబోయేది ఒకటే. స్నేహితుల పని ఊరికే వస్తున్నంతకాలం మీ ధర మీకే నిజం చెప్పదు. ధర నిజం చెప్పకపోతే ఉద్యోగం మానొచ్చా, మానకూడదా అన్నది తేలదు. అందుకని ముందు వాళ్ల కూలి తేల్చాలి. తీసుకుంటారా, తీసుకోరా అన్నది తర్వాతి మాట. ముందు ఎంతో రాయండి.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఇరవయ్యేళ్ల కిందట నేనూ ఇదే చేశాను. హైదరాబాద్‌లో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో రెండు మిషన్లు వేసుకుని పిల్లల ఫ్రాకులు కుట్టించేదాన్ని. లెక్కలు రాయడం నాకు రాదు. నా స్నేహితురాలికి వచ్చు. పిల్లల్ని స్కూలుకు పంపి, వంట ముగించుకుని పదకొండింటికి వచ్చేది, మూడున్నరకి వెళ్లిపోయేది. డబ్బు మాట ఎత్తితే ‘ఇంట్లో తోచక వస్తున్నానే, నువ్వు నాకు జీతమిస్తావా’ అని నవ్వేది. నేను పండక్కి చీర పెట్టేదాన్ని. చీర పెట్టాను కదా అని నా మనసు తేలికగా ఉండేది.

మూడో ఏడాది ఓ రోజు ఆమె రాలేదు. ఎవరికో బాకీ ఎంతో చూడాల్సి వచ్చి సొరుగు తెరిచాను. లెక్కల పుస్తకం కింద ఇంకోటి ఉంది, పిల్లలు రాసుకునే రూళ్ల పుస్తకం. విప్పితే తేదీలు. తేదీ పక్కన గంటలు. ‘11 నుంచి 3.30’, ‘11.20 నుంచి 4’. పేజీలకు పేజీలు అవే. రూపాయల అంకె ఎక్కడా లేదు. మిషన్ స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టాను. 412 తేదీలు.

ఎందుకు రాసుకుందో నాకు ఇవాళ్టికీ తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది. పుస్తకం ఉన్నచోటే పెట్టేసి, నాలుగు రోజులాగి, ఏమీ తెలియనట్టు ‘వచ్చే నెల నుంచి జీతం తీసుకోవే’ అన్నాను. ఆమె నా వంక చూసి ‘ఇప్పుడా?’ అంది. అంతే. ఆ నెలాఖరుకి రావడం మానేసింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో కలుస్తాం. మోకాళ్ల నొప్పులు, పిల్లల ఉద్యోగాలు అన్నీ మాట్లాడుకుంటాం. ఫ్రాకుల మాట మాత్రం రాదు.

‘మన మధ్య డబ్బులేంటి’ అన్నవాళ్లు అబద్ధం ఆడటం లేదు. ఆ రోజుకి అది నిజమే. మూడో ఏడాది, ఎవరింట్లోనో ఫీజు కట్టాల్సిన నెలలో అది నిజం కాకుండా పోతుంది. అప్పుడు తప్పు వాళ్లదని మీరనుకుంటారు.

ఇక మీవాళ్ల దగ్గరికి వద్దాం. ‘మా నలుగురి బ్రాండ్’ అన్న పోస్టులో ఆ నలుగురెవరో నేను లెక్కపెట్టాను. మీరు, కెమెరా ఆమె, ఇన్‌స్టా ఆమె, డబ్బు సర్దినామె. సరిగ్గా నలుగురు. యాభై కుర్తాలు కుట్టిన పక్కింటి అక్క ఆ లెక్కలో లేదు! మీకు కలుక్కుమన్నది దేనికోగానీ, నాకు మాత్రం ఇక్కడే గుచ్చుకుంది. ఆమెకు కూలి ఇచ్చారు కాబట్టి ఆమె పనిమనిషి వరుస, మిగతావాళ్లు ఊరికే చేశారు కాబట్టి యజమానుల వరుస. మీరెవరూ కావాలని అనుకుని ఉండరు. కానీ అలా అయింది.

ఆమె కూలి 350 చేయండి. మీరు పంపిన ఫొటోల్లో ఒకదాంట్లో కుర్తా చెయ్యి మడత తిరగబడి లోపలి కుట్టు కనిపిస్తోంది. అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ చేసి, దాని పక్కన ఇంకో వరస కుట్టు వేసి ఉంది. 250కి ఎవరూ అంత శ్రద్ధ పెట్టరు, ఆమె మీ మీద అభిమానంతో పెట్టింది. ఇంకో సంగతి, కొత్త మోడల్‌కి మొదటి పీసు కుట్టడానికి మూడు పీసుల టైము పడుతుంది. మెడ విప్పి కుట్టాలి, చంక సరిచేయాలి, మీరు చూసి పెదవి విరిస్తే మళ్లీ విప్పాలి. ఆ శాంపిల్‌కు విడిగా వెయ్యి ఇవ్వండి. కాజాలు, గుండీలు బయట కుట్టించుకుంటే ఆమెకు రోజుకు ఇంకో పీసు తెములుతుంది.

60,000 ఇచ్చినామెది అప్పు. అప్పును అప్పుగానే ఉంచండి, వాటాగా మారనివ్వకండి. బ్యాంకు ద్వారా వచ్చింది కాబట్టి రుజువుంది, మంచిదే. అయినా ఓ ప్రోనోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి ఆమె చేతిలో పెట్టండి. మన ఊళ్లలో ప్రోనోటు అంటే పరాయివాళ్ల మధ్య కాగితమన్న అపోహ ఉంది. నిజానికి దాని మీద దావా వేసే గడువు మూడేళ్లే. ఆ గడువు గుర్తుంటుంది కాబట్టే అప్పు తీరుతుంది. నెలకు 5,000 చొప్పున ఏడాదిలో ముగించండి. వడ్డీ వద్దంటే సరే, కానీ నెల మాత్రం తప్పొద్దు. ‘ఎప్పుడిచ్చినా సరే’ అన్న అప్పు ఉన్నంతకాలం మీరు కొత్త చీర కట్టుకున్నా ఆమెకు కనిపిస్తుంది.

కెమెరా ఆమె విషయంలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫొటో తీసినవాళ్లదే దాని హక్కు. కానీ ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవాళ్లది అవుతుంది. అంటే మీ పేజీలో ఉన్న ఫొటోలన్నీ ఇప్పుడు ఆమెవి. రేపు ఆమె వద్దంటే మీరు తీసేయాలి. మీరు 5,000 ఇచ్చి ఉంటే మీవి అయ్యేవి. డబ్బిస్తే స్నేహం చెడుతుందనుకుంటాం గానీ, ఇవ్వకపోతే ఏది ఎవరిదో కూడా తెలియకుండా పోతుంది. ఈ సంగతి ఆమెకు బెదిరింపులా చెప్పకండి. ‘ఇంతకుముందు తీసినవాటికి ఇది, ఇకమీద రోజుకు ఇంత’ అని రెండు వాక్యాలు వాట్సాప్‌లో రాసి, పాత ఫొటోలు వాడుకోవచ్చని ఆమె చేత కూడా రాయించుకుని, డబ్బు పంపేయండి.

ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఎవరి ఫోన్ నంబరు మీద ఉంది? ఆమెదే అయి ఉంటుంది. ఇవాళ సాయంత్రమే మీ నంబరు, మీ ఈమెయిల్‌కి మార్పించుకోండి. ఆమె మంచిది కాదని కాదు. ఆమెకు పెళ్లయి బెంగళూరు వెళ్లొచ్చు, ఫోన్ పోవచ్చు. పండగ ముందు పేజీ తెరుచుకోకపోతే ఎవరి మీద అరుస్తారు? ఆమెకు నెల జీతం కంటే ఆర్డరుకు 50 అని పెట్టుకోవడం మేలు. పని లేని నెలలో మీకు భారం ఉండదు, పనున్న నెలలో ఆమెకు విసుగుండదు.

ఇప్పుడు భాగస్వామ్యం. నా మాట వద్దు. కనీసం ఏడాది వద్దు. మీ అమ్మగారి మాటతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు, స్నేహితులతో చక్కగా నడిచిన వ్యాపారాలు ఎన్నో చూశాను. కానీ భాగస్వామ్యమంటే లాభం పంచుకోవడమనే అందరూ అనుకుంటారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ఏమంటుందో చూడండి. వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు అందరికీ సమానం. మీరు రోజంతా చేసినా, ఆమె రెండు ఆదివారాలే వచ్చినా సమానమే. ఒప్పందంలో రాసుకోకపోతే పని చేసిన భాగస్వామికి జీతం అడిగే హక్కు కూడా లేదు. సంస్థ బాకీ పడితే అప్పిచ్చినవాళ్లు నలుగురిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. భాగస్వామ్యానికి రిజిస్టరైన కాగితమే ఉండాలని కూడా లేదు, నోటిమాట మీద కూడా ఏర్పడుతుంది, నడిచిన తీరును బట్టి కోర్టు తేలుస్తుంది. అందుకే ఆ ‘మా నలుగురి బ్రాండ్’ పోస్టు మీకంటే ఆమెకే ఎక్కువ ప్రమాదం. దాన్ని చూసి, నమ్మి ఎవరైనా అరువిస్తే ‘నేను భాగస్వామినని నువ్వే చెప్పావుగా’ అని ఆమె మీదికి రావచ్చు. ఆమెకు నచ్చచెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

చెప్పడం కష్టమంటారా? ఒక్కొక్కరితో విడిగా, వాళ్లింటికి వెళ్లి చెప్పండి. గ్రూపులో వద్దు. ‘ఇది ప్రస్తుతానికి నా పేరు మీద నడుపుతున్నానే. నష్టమొస్తే నేనే పడాలి, అందుకని. నువ్వు చేసినదానికి ఇదిగో ఇంత. ఏడాది తర్వాత నిలబడితే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం, నీకు ఇష్టమైతే.’ కవరు ఇచ్చేయండి. వద్దంటే బలవంతం చేయకండి గానీ, మీ ఖర్చుల పుస్తకంలో మాత్రం ఆ అంకె పడాల్సిందే. ఇవ్వని కూలి కూడా ఖర్చే.

పేరు సంగతి ఉత్తరంలో రాయలేదు గానీ, లేబుల్ అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ట్రేడ్‌మార్కు దరఖాస్తు మీ పేరు మీదే వేయండి. బట్టలకు 25వ క్లాసు. విడి వ్యక్తులు ఆన్‌లైన్లో వేస్తే ఒక క్లాసుకు ప్రభుత్వ రుసుము 4,500. వస్తే, దరఖాస్తు వేసిన తేదీ నుంచి పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. వేసే ముందు అదే పేరు ఇంకెవరికైనా ఉందేమో ట్రేడ్‌మార్కుల వెబ్‌సైటులో వెతకండి, అది ఉచితం. ‘పోగు’, ‘నేత’, ‘మగ్గం’ లాంటి మాటల మీద ఇప్పటికే జనం బారులు తీరి ఉన్నారు.

ధర పెంచితే ఎవరైనా కొంటారా అన్నారు. అక్క కూలి పెంచాక మీ ఖర్చు 1,734. నేనైతే 1,990 పెడతాను. 1,299కి కొన్నవాళ్లలో సగం మంది రారు. రానివ్వకండి. ఆ 43 మందిలో మీ బంధువులు, స్కూలువాళ్లు కాకుండా మీరెవరో తెలియనివాళ్లు ఎందరు? వాళ్లలో రెండోసారి అడిగినవాళ్లెందరు? ఆ రెండో అంకె ఐదు ఉన్నా మీకు వ్యాపారం ఉంది. యాభై కుర్తాలకు ఎన్ని రంగులు పెట్టారో ఫొటోల్లో లెక్కపెట్టాను, పదకొండు. ఆ ఏడు మిగిలింది అందుకే. మూడు రంగులు చాలు. మిగిలే సరుకు తగ్గితే ఆ 155 కూడా తగ్గుతుంది. ధర పెంచకుండా లాభం పెంచుకునే దారి అదొక్కటే.

ఇక 1,990 ఇచ్చే మనిషికి మీరేం ఇస్తున్నారన్నది బట్ట దగ్గర తేలుతుంది. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే లేబుల్ పోయేది సాధారణంగా మొదటి ఉతుకులోనే. నాది అలాగే పోయింది. తెల్ల ఫ్రాకులకు ఎర్ర పైపింగ్ వేసి 60 కుట్టించాను. పైపింగ్ బట్టను ముందు నానబెట్టలేదు. తర్వాతి వారం ఓ తల్లి గులాబీరంగు మరకలు తేలిన ఫ్రాకును ఏమీ అనకుండా నా బల్ల మీద పరిచి వెళ్లిపోయింది. తిట్టి ఉన్నా బాగుండేది.

తాను రాగానే దాంట్లోంచి 50 సెంటీమీటర్ల చదరపు ముక్క కోయండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మామూలుగా ఉతికి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. 48 వచ్చిందంటే నాలుగు శాతం కుంచించుకుందన్నమాట. 44 అంగుళాల పొడవు కుర్తాలో అది దాదాపు అంగుళంముప్పావు. మోకాలి కింద ఉండాల్సింది మోకాలి మీదకు వస్తుంది. అదే ముక్కను తడిపి తెల్లబట్ట మీద పెట్టి ఇస్త్రీ పెట్టితో నొక్కితే రంగు దిగుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. పరీక్ష అయ్యాక మొత్తం తానును నానబెట్టి ఆరేసి, అప్పుడు కోతకు ఇవ్వండి. పని పెరుగుతుంది. ‘ముందే నానబెట్టి ఆరేసిన బట్ట, ఇక పెద్దగా కుంచించుకోదు’ అన్న ఒక్క మాట ట్యాగు మీద రాసుకునే హక్కు మాత్రం వస్తుంది. కుట్టు లోపల పక్కలకు ముప్పావు అంగుళం మార్జిన్ వదలమని అక్కకు చెప్పండి. రెండేళ్లకు ఒళ్లు వచ్చినామె కుట్లు విప్పుకుని మళ్లీ వేసుకుంటుంది, మిమ్మల్ని తలుచుకుంటుంది.

రంగుల్లో ఇంకో పేచీ ఉంది. మగ్గం మీద నేసిన బట్టకు నూలు ఏ విడత అద్దకానిదో దాన్ని బట్టి ఛాయ మారుతుంది. జూన్‌లో తెచ్చిన నెమలికంఠం రంగు ఆగస్టులో అదే నేతగాడి దగ్గర అదే పేరుతో దొరుకుతుంది గానీ, రెండూ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లు తప్ప కవలలు కారు. చేతులకో ముక్క, ఒంటికో ముక్క వేర్వేరు తానుల్లోంచి కోయకండి. ఒక రంగు కావాల్సినంతా ఒకేసారి తీసుకోండి.

ఇక వానలు. మంగళగిరిలో ఎక్కువగా గుంట మగ్గాలు, నేతగాడు గోతిలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తాడు. వానాకాలం గోతుల్లోకి చెమ్మ చేరుతుంది, గంజి పెట్టిన పడుగు ఆరదు, పని మందగిస్తుంది. మీకు సరుకు కావాల్సింది సరిగ్గా అప్పుడే, శ్రావణమాసానికి, దసరాకి. కాబట్టి వేసవి చివరికల్లా బట్ట ఇంట్లో ఉండాలి. ముందే అడ్వాన్సు ఇచ్చి చెప్పి పెట్టుకోండి. కలంకారీ కూడా కలుపుదామనుకుంటే పెడనలోనూ ఇదే తంతు. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన బట్ట ఆరాలన్నా, అచ్చు వేశాక ఉతికి ఆరేయాలన్నా ఎండ కావాలి.

మీ ట్యాగు మీద ‘హ్యాండ్‌మేడ్’ అని ఉంది. బట్ట చేనేత, కుట్టు మిషన్‌ది. అబద్ధమనను గానీ, ‘మంగళగిరి చేనేత బట్ట, విజయవాడలో కుట్టినది’ అని ఉన్నదున్నట్టు రాస్తే ఇంకా బాగుంటుంది. అలా రాయాలంటే అది చేనేతే అని మీకు ముందు నమ్మకం ఉండాలి. మంగళగిరి పేరుతో మరమగ్గం బట్ట కూడా బజార్లో తిరుగుతోంది. సొసైటీ నుంచో, మగ్గం దగ్గరికే వెళ్లో కొనండి, బిల్లు దాచుకోండి. చేనేతకు కేంద్రం 2006లో తెచ్చిన హ్యాండ్‌లూమ్ మార్కు ఉంటే ఇంకా మంచిది. విజయవాడ నుంచి అరగంట ప్రయాణానికి దద్దోజనం కట్టుకోనక్కర్లేదు, నెలకోసారి వెళ్లి రండి.

జీఎస్టీ సంగతి క్లుప్తంగా. సరుకులమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, తెలంగాణలో అది 20 లక్షలే. మీరు దరిదాపుల్లో లేరు. అయితే హైదరాబాద్‌లో ఉన్న మీ పిన్నికి ఒక్క కుర్తా అమ్మినా అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. పరాయి రాష్ట్రానికి అమ్మితే అమ్మకాలు ఎంత తక్కువున్నా రిజిస్ట్రేషన్ అడుగుతారు. హస్తకళల సరుకులకు కొంత మినహాయింపు ఉంది, మీ కుర్తా దాని కిందకు వస్తుందో రాదో ఓ ఆడిటర్‌ని కూర్చోబెట్టి అడగండి. ఆ గంటకు ఆయన ఫీజు కూడా ఖర్చులో రాయండి. రేటు విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా ధర ఉన్న దుస్తులకు 5 శాతం, దాటితే 18. మీ 1,990లోనే పన్ను కలిపి అమ్మాల్సి వస్తే 95 దాకా పోతుంది, ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం ఆధార్‌తో ఉచితంగా చేసుకోవచ్చు. దానికి డబ్బులడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

ఉద్యోగం మానకండి. అందరి కూలీ పోను, మీ గంటలకు వందా పోను, వరసగా ఆరు నెలలు మీ స్కూలు జీతంలో సగం మిగిలితే అప్పుడు మళ్లీ రాయండి. అప్పటిదాకా సెలవుల్లో, ఆదివారాల్లో చేయండి.

ఒకటి మర్చిపోయాను. మీ సైజుల పట్టిక ఎక్స్‌ఎల్ సైజు దగ్గర ఆగిపోయింది, ఛాతీ 42. మంగళగిరి కాటన్ కుర్తాకు 1,990 పెట్టి, ఉతికి ఇస్త్రీ చేయించుకుని మరీ వేసుకునేది ఎక్కువగా నలభై దాటిన ఆడవాళ్లం. మాకు 44 కావాలి, 46 కావాలి, జేబు కావాలి. బట్ట ఇంకో పావు మీటరు పడుతుంది, పడనివ్వండి. నాది 44.